నంబరు కోసం ఆగిన స్కూటరు

మా ఇంటికి స్కూటరు వచ్చిన రోజు తార్నాకలో మా వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. వారం తిరిగేసరికి మనుషులు రావడం మానేశారు. ఆ తర్వాత ఇంటి ఓనరు గారి కోళ్ళు రావడం మొదలుపెట్టాయి. వాటికి సీటు బాగా నచ్చింది.

అరవైల ఆఖరు సంవత్సరాలవి. అప్పట్లో స్కూటరు కొనడమంటే దుకాణానికి వెళ్ళి, నచ్చింది చూపించి, తోలుకుని రావడం కాదు. పేరు రాయించుకోవాలి. రాయించుకున్న సంగతి మర్చిపోవాలి. ఏళ్ళు గడిచాక, ఆ పేరు గల మనిషి ఇంకా బతికి ఉంటే, వచ్చి బండి తీసుకెళ్ళమని కార్డు వస్తుంది. నాన్న పేరు రాయించినప్పుడు నేను నిక్కర్లలో ఉన్నాను. కార్డు వచ్చేసరికి యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. ఈ మధ్యలో నాలో వచ్చిన మార్పు నిక్కర్లు పోవడం ఒక్కటేనని నాన్న అభిప్రాయం.

నాన్న అదే యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. ఉండేది తార్నాకలో, చర్చి సీతాఫల్‌మండిలో, మధ్యలో యూనివర్సిటీ. ఆదివారం పొద్దున్న ముగ్గురం క్యాంపస్‌లోంచి అడ్డంగా నడిచి వెళ్ళేవాళ్ళం. అమ్మ మోకాళ్ళు పోయాక ఇద్దరం వెళ్తున్నాం. ఏడాది దాటింది, అమ్మ గేటు దాటలేదు.

రిక్షా ఉంది కదా అని అందరూ అనేవాళ్ళు. ఒకసారి ఎక్కింది కూడా. క్యాంపస్‌లో ఎత్తు రాగానే రిక్షా అతను దిగి, వంగి, లాగడం మొదలుపెట్టాడు. అమ్మ ఆ వీపు కాసేపు చూసి, "ఆపు నాయనా" అని దిగి నడిచింది. ఆ నడకతో మోకాళ్ళు పూర్తిగా కూర్చున్నాయి. అప్పట్నుంచి రిక్షా మాటెత్తితే, "సాటి మనిషి చేత లాగించుకుని వెళ్ళి ప్రార్థన చేస్తే వినేవాడికి సిగ్గుగా ఉండదూ?" అనేది.

అమ్మ రాకపోవడం మా సంఘానికి పెద్ద చిక్కు. మా చర్చిలో హార్మోనియం ఎలకల పాలయ్యింది. పాటకు ఎవరో ఒకరు ముందు గొంతెత్తాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. పదేళ్ళుగా ఆ ఎత్తేది అమ్మే. ఆమె మానేశాక రిటైరైన హెడ్మాస్టరు గారొకరు ఆ బాధ్యత తీసుకున్నారు. ఆయన మొదలుపెట్టే ఎత్తుకు రెండో చరణం వచ్చేసరికి ఆయనా, దూలం మీది పావురాలూ మిగిలేవారు. అమ్మ మాత్రం ఆ వేళకు ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, చిక్కుడుకాయలు వలుస్తూ, ఒక్కతే అన్ని పాటలూ వరసగా పాడుకునేది. మేం తిరిగొచ్చేసరికి ఆమె ఆరాధన ముగిసి, కూర ఉడుకుతూ ఉండేది.

నాన్న ఇదంతా చూస్తున్నాడు. ఏమీ అనలేదు. అనడం ఆయనకు రాదు. స్కూటరు కార్డు వచ్చిన రోజు మాత్రం దాన్ని అమ్మ ముందు పెట్టి, "ఇంక ఆదివారాల సంగతి చూసుకుందాం" అన్నాడు. మా ఇంటి లెక్కలో అది ప్రేమలేఖ.

అమ్మ కార్డు చదివి, "నేనా? స్కూటరు మీదా? ఈ వయసులోనా?" అంది. తర్వాత, "సరే, చూద్దాం లెండి" అంది. అమ్మ చూద్దామంటే అది జరగదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నాన్నకు నంబరు ఆలోచన వచ్చిందనుకుంటాను.

నంబరు సంగతేమిటంటే, ఊరికి ఆ చివర ఉన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో బళ్ళకు నంబర్లు వరసగా ఇచ్చేవారు. ఎవరి వంతుకు ఏది వస్తే అది. ఫలానా నంబరే కావాలంటే, వరస ఆ నంబరు దాకా వచ్చే రోజు కనిపెట్టుకుని, బండితో సహా వెళ్ళి, కాస్త ఎక్కువ ఫీజు కట్టి అడగాలి. ఆ రోజు తప్పితే అది మరొకరిది. అప్పుడే కొత్త అక్షరాల సిరీస్ మొదలైంది. నంబర్లు ఇంకా వందల్లో ఉన్నాయి. నాన్నకు మూడు వందల నలభై రెండు కావాలి.

"ఎందుకు నాన్నా, అదే?" అన్నాను.

"గుర్తుంటుంది."

"నూట ఇరవై కూడా గుర్తుంటుంది. రేపే వచ్చేట్టుంది."

నాన్న నా వైపు చూడకుండా స్కూటరు అద్దం తుడిచాడు. "అది పాట నంబరు" అన్నాడు.

మా సంఘంలో పాటలకు పేర్లు ఉండవు, నంబర్లే. చర్చి గోడకు ఒక నల్ల చెక్క పలక ఉంటుంది. ఆ రోజు పాడబోయే పాటల నంబర్లు, చెక్క అంకెలు, అందులో గాడి వెంట దూర్చి పెడతారు. ఇక్కడా, అంతకు ముందు గుంటూరు దగ్గర ఊళ్ళోనూ, ఆ అంకెలు పెట్టే ఉద్యోగం నాన్నదే. మూడు వందల నలభై రెండు ఆయన పెళ్ళి కాకముందు ఒక ఆదివారం పెట్టిన నంబరు. ఆ రోజు దాన్ని ఎత్తుకున్న అమ్మాయి మా అమ్మ. ఇదంతా ఆయన నాకు మూడు ముక్కల్లో చెప్పాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"బండి వెనక ఆ నంబరు చూస్తే మీ అమ్మ కాదనలేదు" అన్నాడు.

ఒక మనిషి మోకాళ్ళ నొప్పికి అంకెలతో వైద్యం చేయడం నేనెక్కడా వినలేదు. కానీ నాన్న ముఖం చూశాక నోరు మూసుకున్నాను. అది నాకు అరుదుగా జరిగే విషయం.

ఇక నా తిప్పలు మొదలయ్యాయి. వరస ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కురావడం నా వంతు. మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి, రెండు బస్సులు మారి, ఆ ఆఫీసు కిటికీ ముందు నిలబడి, "ఎంతవరకు వచ్చిందండీ?" అని అడగడం. లోపలి గుమాస్తా తల ఎత్తకుండా ఒక అంకె చెప్పడం. నేను తిరిగి రెండు బస్సులు మారి వచ్చి ఆ అంకె నాన్నకు అప్పజెప్పడం. ఒక వారం నంబర్లు పరుగెత్తేవి. ఇంకో వారం ఈ నగరంలో ఎవరూ బండి కొననని ఒట్టు పెట్టుకున్నట్టు ఉండేది. నన్ను చూసీ చూసీ ఆ గుమాస్తాకు విసుగొచ్చింది. "తమ్మీ, నీకు గింత ఓపిక ఉన్నదంటె ఇక్కడనే నౌకరీకి అర్జీ పెట్టుకోరాదు?" అన్నాడు. ఎం.ఏ. అవకముందే నాకు అందిన మొదటి ఉద్యోగావకాశంగా దాన్ని భద్రంగా గుర్తుంచుకున్నాను.

ఈలోగా స్కూటరు వరండాలో దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. షాపువాళ్ళు తాత్కాలికంగా నడపడానికి కాగితం ఇచ్చారు. నాన్న నమ్మలేదు. నంబరు లేని బండి రోడ్డెక్కడమంటే ఆయన దృష్టిలో ప్యాంటు లేకుండా ఆఫీసుకు వెళ్ళడం లాంటిది. అలాగని నేర్చుకోకుండా ఎలా? అందుకని సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కోళ్ళను అదిలించి, దుప్పటి తీసి, స్టాండు మీద ఉన్న బండి ఎక్కి కూర్చునేవాడు. ఇంజను వేయకుండానే క్లచ్చి నొక్కి గేరు మార్చేవాడు. మలుపుల్లో చెయ్యి చాపి చూపించేవాడు. ఒకసారి ఎవరికో దారిచ్చాడు కూడా.

అమ్మ వంటింట్లోంచి, "ఎక్కడిదాకా వెళ్ళొచ్చారు?" అనేది.

"సీతాఫల్‌మండి."

"తొందరగానే వచ్చారే. దారిలో రైలు గేటు పడలేదా?"

"లేదు. ఖాళీగా ఉంది. నువ్వూ ఒకసారి వచ్చి కూచుంటే అలవాటవుతుంది."

"ముందు మీరు పడకుండా రండి. తర్వాత నా సంగతి."

స్టాండు మీది బండి మీంచి పడటం ఎలాగో నాకు అర్థం కాలేదు గానీ, నాన్న ఆ మాటకు కొంచెం కుంగాడు.

మా ఇంటి ఓనరును అందరూ పటేల్ సాబ్ అనేవాళ్ళు. అక్కడి రైతు కుటుంబమే. వాళ్ళ పొలాలు ఇళ్ళ స్థలాలైపోయాయి. మిగిలిన కొంచెం భూమి కోసం రెండు ఎడ్లనూ ఒక బండినీ, అలవాటు కోసం ఆ కోళ్ళనూ ఉంచుకున్నాడు. ఆయన కూడా ఆ రోజుల్లోనే కొత్త మోటారు సైకిలు కొన్నాడు. అదీ నడవలేదు. పశువుల కొట్టంలో తార్పాలిన్ కింద ఉంది. రోజూ సాయంత్రం ఇద్దరూ ప్రహరీ దగ్గర నిలబడి ఒకరినొకరు పరామర్శించుకునేవాళ్ళు.

"సార్, ఇంకెన్నొద్దులు గిట్ల దుప్పటి కప్పి పెడ్తరు?"

"రావాలండీ, టైము రావాలి. మరి మీదో?"

"నాది గూడ గంతే సార్. మంచి గడియ చూస్తున్న."

ఇద్దరూ తల ఊపుకునేవాళ్ళు. ఇద్దరూ లోపలికెళ్ళి అవతలివాడికి మతి లేదని భార్యలకు చెప్పేవాళ్ళు. పటేల్ సాబ్ చెప్పింది ఆయన భార్య అమ్మకు చెప్పేది. అమ్మ నాకు చెప్పేది. నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు, అప్పటికే రెండు బస్సులు మారి వచ్చి ఉంటాను కాబట్టి.

చివరికి ఒకరోజు గుమాస్తా తల ఎత్తాడు. "రేపు పొద్దుగాల వస్తది నీది. ఇగ నన్ను యాది చెయ్యకు" అన్నాడు.

మర్నాడు బండిని ఆ ఆఫీసుకు చేర్చాలి. నంబరు లేకుండా నడపకూడదు, నంబరు కోసం బండి అక్కడికి పోవాలి. నాన్న రాత్రే ఆలోచించి పెట్టుకున్నాడు. పొద్దున్నే గుమ్మం ముందు సామాన్లు మోసే రిక్షా ఆగింది. స్కూటరును దాని మీదికెక్కించి, తాళ్ళతో కట్టి, నాన్న, నేను చెరోవైపు పట్టుకుని నడిచాం. మనిషిని మనిషి లాగకూడదని కొన్న స్కూటరును ఒక మనిషి నగరం ఈ చివర నుంచి ఆ చివరకు లాగాడు. ఎత్తు వచ్చినచోటల్లా మేమిద్దరం వెనక నుంచి తోశాం. అమ్మ కిటికీలోంచి చూసింది. కిటికీ రెక్క మెల్లగా మూసింది. నవ్వుకోవడానికే అయి ఉంటుంది.

ఆఫీసు ఆవరణలో ఒక ఎడ్లబండి ఆగి ఉంది. దాని మీద గడ్డి పరిచి, గడ్డి మీద ఒక మోటారు సైకిలు పడుకోబెట్టి ఉంది. ఎడ్లను ఎక్కడో చూసినట్టనిపించింది. చూసే ఉంటాను, రోజూ నా కిటికీ ముందే పేడ వేసేవి.

వరసలో ముందు పటేల్ సాబ్ నిలబడి ఉన్నాడు.

"సార్! మీరేంది గీడ?"

"నంబరు కోసం వచ్చానండీ. మీరు?"

"నేను గూడ నంబరు కోసమే. పాత బండి నంబరు కలిపితే ఎనిమిది సార్. ఎనిమిదంటె శని. మూడుమాట్ల మురుగు మోరీల పడ్డ. ముషీరాబాద్‌ల లెక్కలు చూసేటాయన చెప్పిండు. మూడుతోని మొదలు కావాలె, రెండుతోని ఒడవాలె, కలిపితే తొమ్మిది రావాలె. గా నంబరు పడేదాంక కొత్త బండి చక్రం నేలకు తాకొద్దన్నడు."

నేను మనసులో కలిపి చూశాను. మూడు, నడుమ నాలుగు, రెండు. నాన్న కూడా వేళ్ళ మీద కలిపాడు.

"మూడు వందల నలభై రెండు" అన్నాడు నాన్న, మెల్లగా.

"గదే సార్! మీకెట్ల ఎరుక?"

"నాకూ అదే కావాలి."

పటేల్ సాబ్ నోరు తెరిచాడు. ఆవరణలో ఎద్దు ఒకటి నిట్టూర్చింది. నాకు గొడవ తప్పదనిపించింది. అద్దె ఇంటి సామాన్లు ఇదే ఎడ్లబండి మీద ఎక్కించాల్సి వస్తుందేమో అనుకున్నాను. నా అంచనా తప్పింది. అంతకంటే ఘోరం జరిగింది. ఇద్దరికీ మర్యాద గుర్తొచ్చింది.

"అయితే మీరే తీసుకోండ్రి సార్" అన్నాడు పటేల్ సాబ్.

"అయ్యో, లేదండీ. మీరు ముందొచ్చారు."

"ముందొస్తె ఏంది? చదువుకున్నోళ్ళు, పెద్దమనుషులు. మీరుండంగ నేనెట్ల తీసుకుంట?"

"మీ ఇంట్లో ఉంటూ మీ నంబరు నేను పట్టుకుపోతే ఏం బాగుంటుంది? తీసుకోండి."

"నా ఇంట్ల ఉన్నోళ్ళకు దక్కాల్సింది నేను గుంజుకుంటె నా పెండ్లాం అన్నం పెడ్తదా సార్? మీరే తీసుకోవాలె. నా మీద ఒట్టు."

"ఒట్లు పెట్టకండి పటేల్ గారూ. మూడుసార్లు పడ్డవారు మీరు. మీకే అవసరం."

"పడ్డది నేను గద సార్, లేస్త మళ్ళ."

కిటికీలోంచి గుమాస్తా, "సాబ్, జల్ది చెయ్యుండ్రి. మూడు నలభై రెండు ఎవరికి?" అన్నాడు.

"ఆయనకు" అన్నారు ఇద్దరూ ఒకేసారి, ఒకరినొకరు చూపించుకుంటూ.

నేను నాన్న చొక్కా లాగాను. "నాన్నా, మీరు తీసుకోండి. అమ్మ కోసం" అన్నాను చెవిలో. నాన్న నా చెయ్యి విదిలించుకున్నాడు. అమ్మ కోసం అన్న మాట నలుగురిలో పైకి అనే మనిషైతే ఈ నంబరు కథంతా అక్కర్లేకపోను.

మళ్ళీ మొదలుపెట్టారు. నాన్న పటేల్ సాబ్ భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు. పటేల్ సాబ్ పక్కకు తప్పుకుని, నాన్న మోచెయ్యి పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు కొట్టుకుంటున్నారనే అనిపించి ఉంటుంది. వాళ్ళ వెనక ఎవరో డాక్టరు గారి కారు డ్రైవరు పళ్ళు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. గుమాస్తా ఇద్దరి తలల మధ్య నుంచి అతనికి చెయ్యి ఊపాడు.

"నువ్వు రావయ్యా. నీకు ఏ నంబరైతే ఏంది?"

"నాకేంది సార్, తిండి వేళయితుంది. ఏదన్న ఒకటెయ్యండి."

గుమాస్తా వేశాడు.

ఇద్దరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు అలాగే ఉంచి, ఆ డ్రైవరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోవడం చూశారు. ఆ డాక్టరు గారెవరో, తన కారు ఎవరి పడుచుదనాన్నీ ఎవరి అదృష్టాన్నీ మోసుకుని తిరుగుతోందో ఆయనకు ఎప్పటికీ తెలియదు.

పటేల్ సాబ్‌కు తర్వాతి నంబరు వచ్చింది. ఆయన వేళ్ళ మీద కూడి, "పది. పదంటె ఒకటి. ఒకటంటె సూర్యుడు. సూర్యుడు గూడ మంచోడే" అని ఒక్క నిమిషంలో తేరుకున్నాడు. ఆయన మతంలో అన్నిటికీ ఒక దారి ఉంటుంది. మాకు మూడు వందల నలభై నాలుగు. మా పాటల పుస్తకంలో అది కానుకల సంచి తిప్పేటప్పుడు పాడే పాట. "సంఘంలో ఎవరైనా మన బండి చూస్తే జేబు తడుముకుంటారు నాన్నా" అన్నాను. నాన్న నవ్వలేదు. నేను కూడా పూర్తిగా నవ్వలేదు.

సామాన్ల రిక్షా అతన్ని అప్పటికే పంపించేశాం. స్కూటరును కూడా ఎడ్లబండి మీదే ఎక్కించారు. రెండు కొత్త బళ్ళు, ముగ్గురు మనుషులం, రెండు ఎడ్లు. నడుస్తున్నవి ఎడ్లు మాత్రమే. దారిలో ముషీరాబాద్‌లో ప్లేట్లు రాసే పెయింటరు దగ్గర ఆగాం. అతను మమ్మల్ని కిందికీ మీదికీ చూసి, ఎడ్లకు కూడా నంబరు రాయాలా అని అడిగాడు.

"సాబ్, ఉత్త నంబరైతే సాదాగ ఉంటది. కింద ఓ గులాబీ పువ్వు ఏస్త. లేదంటె పులి బొమ్మ."

"అంకెలు చాలు" అన్నాడు నాన్న. కానీ అంకెలు ఎలా ఉండాలో మాత్రం అక్కడే ఇటుకరాయి ముక్కతో నేల మీద గీసి చూపించాడు. లావుగా, నిటారుగా, కింద చిన్న పాదాలతో. చర్చి పలక మీద ఉండేవే. కోరుకున్న అంకె రాకపోయినా కనీసం రూపం దక్కించుకోవాలని ఆ ఎండలో గొంతుక్కూర్చుని గీస్తుంటే, ఆయన బట్టతల మీద చెమట చూసి నాకు వేళాకోళం చేయబుద్ధి కాలేదు. పటేల్ సాబ్ గులాబీ వేయించుకున్నాడు. పులి కూడా.

ఇంటికొచ్చాక నాన్న కాళ్ళు కడుక్కుని వరండాలో కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. స్కూటరు ప్లేటు చూసింది, నాన్నను చూసింది.

"నంబరు వచ్చింది కదా. మరి ఎవరో పోయినట్టు ఆ మొహమేమిటి?"

నాన్న మజ్జిగ తాగాడు. ఇక ఈయన చెప్పడని నేనే చెప్పాను, ఏ నంబరు అనుకున్నారో, ఎందుకనుకున్నారో, మర్యాద ఎంత పని చేసిందో.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ పాటా? ఆ రోజు నాకు జలుబండీ. గొంతు పట్టేసి ఎక్కడో పాతాళంలో మొదలుపెట్టాను. ఊరు ఊరంతా కప్పల్లా బెకబెకమన్నారు. అది చూసి పెళ్ళికి అడిగారా మీరు?"

"బాగానే పాడావు" అన్నాడు నాన్న, గ్లాసులోకి చూస్తూ.

"ఇన్నాళ్ళకు తెలిసింది. మీకు శ్రుతి తెలీదు." తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "అయినా నేను కూచునేది వెనక. ఆ నంబరు నా వెనక ఉంటుంది. నాకు కనిపించేది మీ వీపు. దానికోసం ఇన్నాళ్ళు బండి ఆపారా?" అంది.

నాన్న తల ఎత్తాడు. "కూచుంటావా?"

"కూచుంటానని ఎవరన్నారు?"

"ఇప్పుడు నువ్వే అన్నావు."

"అంటే మాత్రం ఎక్కడం ఎలాగ? ఇంత ఎత్తు. కాలు లేస్తే కదా. వాళ్ళందరి ముందూ ఇద్దరు పట్టుకుని బస్తాలాగా ఎత్తి కూచోబెడితే నేను రాను. చెప్తున్నా."

అదీ సంగతి. ఏడాదిగా చూద్దాం చూద్దాం అన్నదాని వెనక ఉన్నది ఇదే. ఇది ఆమె నోటితో అనడానికి ఒక నంబరు పోవాల్సి వచ్చింది.

ఆదివారం నాటికి పటేల్ సాబ్ భార్య ఒక ఎత్తుపీట పంపించింది, వాళ్ళ ఇంట్లో అటక అందుకోవడానికి వాడేది. అమ్మ దాని మీద నిలబడి, నాన్న భుజం పట్టుకుని, ఒక పక్కకు తిరిగి సీటు మీద కూర్చుంది. ఎవరూ ఎత్తాల్సిన పని లేకపోయింది. కోళ్ళు అభ్యంతరం చెప్పాయి.

"గట్టిగ పట్టుకో వదినె, సార్‌ని గట్టిగ పట్టుకో!" అని అరిచింది పటేల్ సాబ్ భార్య, అవతల నుంచి.

"పెళ్ళైనప్పట్నుంచీ పట్టుకునే ఉన్నానమ్మా, ఇప్పుడు కొత్తేముంది" అంది అమ్మ. చేతులు మాత్రం నాన్న చొక్కాను ఇంకాస్త బిగించి పట్టుకున్నాయి.

ఎక్కించిన పీటే దింపడానికీ కావాలి. దాన్ని మోసుకొచ్చేవాడు కావాలి. అందుకని నేను సైకిలు క్యారియరుకు పీట కట్టుకుని, హ్యాండిలుకు బైబిలు సంచి తగిలించుకుని వెనక బయల్దేరాను. వరండాలో అన్ని సాయంత్రాలు తోలిన మనిషి రోడ్డు మీద అంత మెల్లగా వెళ్తాడని నేననుకోలేదు. క్యాంపస్‌లో ఎత్తు మీద నా సైకిలు రెండుసార్లు ఆయనకు తగలబోయింది. విద్యార్థులు కొందరు హాస్టలు వైపు నుంచి వస్తూ ఆగి చూశారు. నాన్న ఎదురుగా ఎవరూ లేని మలుపులో కూడా చెయ్యి చాపి చూపించాడు. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఎత్తు దాటి వాలు రాగానే కళ్ళు తెరిచింది. అక్కడినుంచి బండి కొంచెం వేగం అందుకుంది, నేను వెనకపడ్డాను.

సీతాఫల్‌మండిలో చర్చి ముందుకు నేను చేరేసరికి వాళ్ళు గేటు దగ్గర ఉన్నారు, ఇంజను ఆపకుండానే. లోపల అప్పటికే మొదలైపోయింది, ఆ వారం అంకెలు ఇంకెవరో పెట్టి ఉండాలి. హెడ్మాస్టరు గారి గొంతు పావురాల స్థాయికి చేరింది. నేను సైకిలు దిగి పీట తాడు విప్పుతున్నాను.

"ఆలస్యమైంది" అన్నాడు నాన్న. "ఆపనా?"

అమ్మ గేటులోంచి లోపలికి చూసింది. వెనక వరసలో ఒకరిద్దరు అప్పుడే శబ్దానికి తలలు తిప్పుతున్నారు.

"ఆపితే మళ్ళీ స్టార్టవుతుందా?" అంది.

"చెప్పలేం."

"అయితే ఆపకండి. ఇటు పోతే ఏమొస్తుంది?"

"బౌద్ధనగర్."

"అటుపక్క?"

"అటుపక్క నేనెప్పుడూ వెళ్ళలేదు."

"పోనివ్వండి మరి."

నాన్న జీవితంలో ఆరాధన తప్పించలేదు. జ్వరంలో కూడా వెళ్ళి అంకెలు పెట్టి వచ్చేవాడు. ఆయన గేటు వైపు ఒకసారి చూశాడు, నా వైపు ఒకసారి చూశాడు, గేరు మార్చాడు. స్కూటరు కదిలింది. అమ్మ వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయి, చెయ్యి వదలడానికి భయపడి మానేసింది.

ఆలస్యంగా వచ్చిన ఒకావిడ గేటు దగ్గర నన్ను చూసి ఆగింది. "అమ్మగారు ఈ వారమూ రాలేదా బాబూ?"

"వచ్చారండీ. వెళ్ళారు."

ఆవిడ నన్నూ పీటనూ చూసి, లోపలికి వెళ్ళిపోయింది. నేను పీటను గోడ పక్కన నీడలో వేసుకుని దాని మీద కూర్చున్నాను. వాళ్ళు ఎక్కడికైనా పోనీ, ఈ పీట లేకుండా అమ్మ దిగలేదు కాబట్టి ఇక్కడికే రావాలి. లోపల ప్రసంగం మొదలైంది. కాసేపటికి స్కూటరు చప్పుడు వినిపించింది. లేచి నిలబడ్డాను. ఈసారి అవతలి వైపు నుంచి వచ్చారు. నాన్న తిన్నగా ముందుకే చూస్తున్నాడు. అమ్మ ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో చెప్తోంది. నా ముందు నుంచే వెళ్ళారు. ఆగలేదు.

ఎండ పీట మీదికి జరిగింది. నేను పీటను మళ్ళీ నీడలోకి జరుపుకున్నాను.